కుక్కకు పెట్టిన నాన్న పేరు

గ్రీన్‌లాండ్ ఉత్తరపు కొస,
మార్చి నెల

పిపలుక్ చెల్లీ,

అక్కడ నూక్ పట్నంలో పుట్టిన నీ పాపకు మన నాన్న పేరు పెడతానంటూ రాసిన ఉత్తరం అంది నెలయింది. జవాబు రాయనిది కోపంతో కాదు, సిగ్గుతో. ఆ పేరు నేను ముందే ఒక కుక్కపిల్లకు పెట్టేశాను.

నాన్న మంచు విరిగి సముద్రంలో పోయాక, ఆ పేరుతో ఓ బిడ్డ వచ్చేదాకా మనవాళ్లెవరూ దాన్ని పలకరు కదా. నేను ఆగలేకపోయాను. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు ఆ కుక్కపిల్లను "మిటెక్" అని పిలుచుకునేవాణ్ణి.

ఈ ఏడు సముద్రం ఆలస్యంగా గడ్డకట్టింది. మొన్న సీల్ వేటకు వెళ్తుంటే, మంచుబండికి అన్నిటికన్నా ముందు కట్టిన, ఇప్పుడు పెద్దదైన ఆ కుక్క చతికిలబడింది. "ఏం మిటెక్, భయమా?" అని అరిచి, వెంటనే నోరు మూసుకున్నాను. దిగి గునపంతో పొడిస్తే ఒక్క పోటుకే నీళ్లు పైకొచ్చాయి.

నీకు చెప్పనిది ఒకటుంది. మంచు విరిగిన ఆ రోజు నాన్న, "ఆగరా, ఇక్కడ మంచు నల్లగా, పల్చగా ఉంది" అన్నాడు. "ఏం నాన్నా, భయమా?" అని నవ్వాను. ఆ మాట పడలేక తనే ముందు నడిచాడు.

ఇది తెలిశాక కూడా రమ్మంటే, మంచు కరిగాక మొదటి ఓడలో వస్తాను. పేరు పెట్టు. కుక్కను ఇంకేదో అని పిలుస్తాను, అది అలగదులే. మన ఆనవాయితీ ప్రకారం, ఆయన పేరు మోసే పాపను నేను ఇక "నాన్నా" అనే పిలవాలి. తనకు మాటలొచ్చి, ఎప్పుడైనా "ఆగరా" అంటే, ఈసారి ఆగుతాను.

నీ అన్న