ఏకాదశి నాడు ఆగిన మందు

ఆగస్టు 31, ఆదివారం

ఒక్కటడుగుతాను దాసూ, చెప్పు — గ్లాసుడు నీళ్ళు వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అందులో ఎవరు బతుకుతున్నారో ఏనాడైనా చూశావా? లేదు. ముప్పై ఏళ్ళుగా కాలవలో దిగి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నావు. ఒక్కసారీ చూడలేదు.

చెల్లెలు రత్నం చూపించింది ఇవాళ. దాని అత్తారి ఊళ్ళో, మా మురుగుకాలవ కొల్లేటిలో కలవబోయే చోట, చేపపిల్లల చెరువు. పేడా వేరుశనగ చెక్కా వేసి నానబెట్టిన నీళ్ళు. గాజుగ్లాసు ఎండకు అడ్డం పట్టింది. మొదట ఏమీ లేదు… తరవాత ధూళి… తరవాత ఆ ధూళికి ప్రాణం. ఒక్కొక్క నలుసూ గెంతుతూ, ఆగుతూ, మళ్ళీ గెంతుతూ. ఎంతసేపు నిలబడ్డానో.

"ప్లాంక్టన్ అన్నయ్యా. గుడ్డులోంచొచ్చిన పిల్లకి ఇయ్యే పాలు. ఇయ్యి లేకపోతే పిల్ల లేదు."

అణువులోనూ ఆయనే ఉన్నాడని ఎన్ని ఊళ్ళలో అరిచానో! కళ్ళతో చూసింది ఇవాళే.

సెప్టెంబరు 2, మంగళవారం

రామకోవెలలో నా ప్రవచనం. దోసిట్లోకి వచ్చిన చిన్న చేప రాజును అభయం అడిగే ఘట్టం. గొంతు దానంతటదే లేచింది. "రేపు ఏకాదశి! రేపు ఎవడి వీపున పురుగుమందు ట్యాంకు కనిపించినా వాడు ఈ గడప తొక్కొద్దు! ఒక్క రోజు… ఒక్క రోజు ప్రాణిని బతకనివ్వండి!"

మా పక్క చేను సూర్రావు వెనకనుంచి — "ఆకుముడత పురుగు కూడా ఏకాదశి ఉంటదేంటండీ దాసుగారూ? మా చేలో మటుకు మూడు పూటలా భోంచేత్తందండీ."

కోవెలంతా నవ్వులు. నేనూ నవ్వాను. కానీ ఒప్పుకున్నారు. మా ఊరూ, పై ఊరూ.

3, ఏకాదశి

ఉపవాసం. చేలల్లో ఒక్క స్ప్రేయర్ చప్పుడు లేదు. తూనీగలు… నీళ్ళ మీద వాటి నీడలు. నా మాటకు ఇంత బలమా!

4, ద్వాదశి

పారణ చేసి నేనూ దిగాను. మందు కొట్టకపోతే నా చేనూ మిగలదు. ఎటు చూసినా వీపున ట్యాంకులే. తేనెపట్టు కదిలినట్టు ఒకటే రొద. తెల్లటి తుంపర, అందులో చిన్న చిన్న హరివిల్లులు. అందంగా ఉందనిపించింది.

ట్యాంకు కాలవ రేవులో కడిగాను. అందరిలాగే. సాయంత్రం వాన.

5, శుక్రవారం

వాన ఆగలేదు. చేలు నిండాయి. అందరం గట్లు తెంపి నీళ్ళు మురుగులోకి వదిలాం.

7, ఆదివారం

రత్నం ఫోను. మొన్న సాయంత్రం ఇంజను పెట్టి మురుగునుంచి చెరువుకు నీళ్ళు తోడిందట. చేపపిల్ల నిన్న వచ్చింది. ఎప్పటిలాగే ముందు గుప్పెడు పిల్లల్ని వలసంచిలో పెట్టి, చెరువులో దించి ఒక రోజు చూసింది. బతికాయి. ఇవాళ మొత్తం వదిలేసింది.

"ఆవేళ దీవించేవు, నీ నోటి చలవ అన్నయ్యా," అంది.

11, గురువారం

రత్నం రమ్మంటే వెళ్ళాను. గ్లాసు ఎత్తింది. స్వచ్ఛం. అద్దం. ఆకాశం మొత్తం దిగివచ్చింది అందులోకి… ఇంకేమీ లేదు. రాత్రికి రాత్రి జనం ఖాళీ చేసిపోయిన ఊరిలా. చెరువు అంచున వెంట్రుకల్లాంటి పిల్లలు, తేలుతూ, నీరసంగా.

"మందుకి చావలేదన్నయ్యా. మందు వీటి తిండిని చంపేసింది. ఇయ్యి ఆకలికి పోతన్నాయి."

అంతసేపూ నేను నీళ్ళలోకే చూస్తున్నాను.

"ఏటా కొడతానే ఉంటారు. ఇవాళొకరు, రేపొకరు… కాలవలో పల్చబడిపోయేది. ఈసారి పై ఊళ్ళోళ్ళంతా ఒక్కపూటే కొట్టేసేరంట. ఎవడు చెప్పేడో గానీ… కాఫీ తాగు అన్నయ్యా, చల్లారిపోతంది."

తాగాను. చెప్పలేదు.

12, శుక్రవారం

గూడెం టౌనుకు వెళ్ళి పురుగుమందుల కొట్టులో అడిగాను. "లేబుల్ ప్రకారం కొడితే ఏం కాదండీ." లేబుల్ ఇమ్మన్నాను. భూతద్దం పెట్టి చదివాను. చేపలకు, నీటిలోని ప్రాణులకు హాని. చెరువుల దగ్గర వాడరాదు. డబ్బాలు కాలవల్లో కడగరాదు. ఇన్నేళ్ళూ ఉంది అక్కడ. ఒక్క శ్లోకానికి మూడు వ్యాఖ్యానాలు వెతికేవాణ్ణి… ఈ నాలుగు ముక్కలు చదవలేదు.

14, ఆదివారం

మధ్యాహ్నం కునుకులో కల. దోసిట్లో నీళ్ళు. చేప రాలేదు. నీళ్ళు పెరుగుతున్నాయి — మోచేతుల దాకా, గడ్డం దాకా. వెచ్చగా, ఖాళీగా. నన్ను ఎవరూ అభయం అడగడం లేదు.

15, సోమవారం

రత్నం చెరువు దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ మొదలుపెట్టింది. పేడ, చెక్క. పిల్లంతా పోయింది, ఆ నీళ్ళూ తోడిపోసింది. శుక్రవారం మళ్ళీ మురుగునుంచి నింపుతుందట.

"సీజను అయిపోతందన్నయ్యా. ఇదీ పోతే చెరువు వదులుకోడవే."

అప్పుడైనా చెప్పాల్సింది. పేడ తట్ట అందించాను.

16, మంగళవారం

రేవు దగ్గర సూర్రావు. "మందు తెచ్చుకుని ఉంచుకున్నామండీ అందరం. పురుగు మళ్ళీ లేచింది. రేపు ఏకాదశి కదా, ఎల్లుండి తెల్లారగట్ల దిగుతాం. మీ మాట దాటతామేంటండీ?"

దణ్ణం పెట్టాడు. తిరిగి దణ్ణం పెట్టాను.

17, ఏకాదశి

పొద్దున్నే మబ్బు పట్టింది. కొల్లేటి మీదుగా గూడబాతులు బారులు తీరి, చప్పుడు లేకుండా. అలా చూస్తూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది. గడిచిపోనిస్తావా?

నియమం మంచిదే కదా అని మనసు వాదిస్తోంది. శాస్త్రం తప్పా అంటోంది. శాస్త్రం ఒక్క రోజు చంపవద్దంది. మర్నాడు అందరూ కలిసి చంపమని చెప్పలేదు. అది నువ్వు చేసిన ఏర్పాటు.

ఏం చెప్పాలి? అందరూ ఒక్కపూట దిగొద్దని. పురుగు లేని మడిలో అసలు కొట్టొద్దని. కొట్టినవాడు గట్టు తెంపొద్దని. తప్పు చెప్పింది నేనని. సూర్రావే ముందు నవ్వుతాడు. ఆ తరవాత నా ప్రవచనానికి ఎవడైనా కూర్చుంటాడో లేదో.

ముందు దానితోనే ఒప్పుకుందామని రత్నానికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. చెరువు మీద ఉంటుంది.

మళ్ళీ చెయ్యి. ఎత్తకపోతే నడుస్తూ చెయ్యి. సాయంత్రం కోవెలలో చెబుదామనుకోకు, అక్కడికి సగం మంది రారు, తెల్లారగట్ల చేలో దిగిపోతారు. గడప గడపకూ వెళ్ళు. సూర్రావు ఇంటినుంచే మొదలుపెట్టు. రాసింది చాలు. లే — ఇవాళే, ఇప్పుడే, చెప్పులు వేసుకో