పదిహేడంగుళాల చక్రాలు

తిరుపతి,
14-7-2009, మంగళవారం.

సౌభాగ్యవతి భారతికి మునిరామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేను, టైర్ల కొట్టు, మిద్దె మీద నీ మల్లె తొట్లు క్షేమం. నీ క్షేమం ఎలా ఉందో మొన్నటి నీ ఉత్తరంలోనే చదివాను కాబట్టి, అక్కడ అందరూ క్షేమమని తలుస్తాననే మామూలు మాట రాయబుద్ధి కాలేదు. ఫోను చేయొచ్చు. కానీ ఆ ఇంట్లో ఫోను హాల్లో ఉంటుంది. మోగితే మీ తమ్ముడే ఎత్తుతాడు, ఎత్తగానే కారు సంగతి మొదలుపెడతాడు. పైగా ఈ రోజు నేను చెప్పాల్సింది నోటితో చెప్పగలిగేది కాదు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మధ్యాహ్నం భోజనం వసంతమ్మ మెస్సులోనే. సాంబారని ఆమె పోసేదాన్ని మనింట్లో గిన్నెలు తొలిచిన నీళ్లంటారు. రాత్రికి నేనే ఇంత సంగటి కెలుక్కుంటున్నాను. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించాను. పెట్టినవాడు దాన్ని వంకరగా పెట్టి, "మీ మెట్లే వంకర సార్" అన్నాడు. పని రానివాడికి ఉన్నంత ధైర్యం పనొచ్చినవాడికి ఉండదు. అయినా గట్టిగానే ఉంది, నేను వేలాడి చూశాను. నువ్వు వచ్చిన రోజు చెయ్యి వేసుకోవడానికి చాలు. నీ ఆపరేషన్ అయ్యాక, ఈ మెట్లు ఎక్కలేవని, వేలూరు ఆసుపత్రికి దగ్గరని నిన్ను చిత్తూరులో మీ తమ్ముడింట దించి ఏడు వారాలయింది. ముప్ఫై ఏళ్లుగా నా దగ్గర టైర్లు విప్పే చిన్నబ్బ కూడా రోజూ అడుగుతున్నాడు, "అక్క ఎప్పుడొస్తాదన్నా" అని.

ఇక నీ తర్వాతి ప్రశ్న. "నా తమ్ముడంటే మీకెందుకంత చులకన?" అని రాశావు. ఎందుకో ఇరవై రెండేళ్లుగా చూస్తూ కూడా అడిగావు కాబట్టి చెబుతాను.

బాలచంద్రకు మీ నాయన ఇచ్చిన బెల్లం మండీ ఉంది. బెల్లం రాని ఈ నెలల్లో వాడికి పనిలేదు, పనిలేనప్పుడే వాడికి ఆలోచనలొస్తాయి. ఒకసారి ఇంటి ముందు ఫౌంటెన్ కట్టించాడు. అందులో నీళ్లు ఒక్క గృహప్రవేశం రోజే ఎగిరాయి, అవీ ట్యాంకరు నీళ్లు. ఇప్పుడు ఈ హైబ్రిడ్ కారు. మన పక్క టమాటాల్లో హైబ్రిడ్ చూశాం, జొన్నల్లో చూశాం. కార్లలో కూడా వచ్చిందని, అది జిల్లాలో తన ఒక్కడికే ఉందని వాడు చెప్పని మనిషి లేడు. శ్రీహరికోటలో రాకెట్టు వదిలేవాళ్లు కూడా అంత హడావిడి చేయరు. పెట్రోలుతోనూ కరెంటుతోనూ కూడా నడిచే బండి కొన్నాడు, బుద్ధితో నడపడం మాత్రం నేర్చుకోలేదు.

కారు మంచిదే, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. దాన్ని చేసినవాళ్లు తెలివైనవాళ్లు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీలో దాచుకుంటుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటుతో ఒక చిన్న మోటారు ఇంజనుకు చెయ్యి ఆసరా ఇస్తుంది. ఆ లెక్కంతా చూసుకుని, తేలికగా తిరగాలని, వాళ్లు దానికి పదిహేనంగుళాల చక్రాలు, సన్నటి టైర్లు పెట్టారు. అంత చదువుకున్నవాళ్లకు పెద్ద చక్రాలు పెట్టడం చేతకాక కాదు కదా. మీ తమ్ముడికి అవి "ఆటో చక్రాల మాదిరి" కనిపించాయి. మద్రాసుకు పోయి, మెరిసే పదిహేడంగుళాల రిమ్ములు నాలుగు, వాటికి పలచటి టైర్లు తగిలించుకుని తెచ్చాడు. కాణిపాకంలో పూజ కూడా చేయించాడట, కారుకు కాదు, చక్రాలకు. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

నువ్వు టైర్ల కొట్టువాడి భార్యవు కాబట్టి నీకు అర్థమవుతుంది. గుంతలో పడినప్పుడు మొదటి దెబ్బ తినాల్సింది టైరు. రిమ్ముకూ రోడ్డుకూ నడుమ రబ్బరు, గాలి ఎంత ఎత్తుంటే అంత దెబ్బను అవి మింగుతాయి. కంపెనీ టైరులో ఆ ఎత్తు ఐదంగుళాలు. మీ తమ్ముడు తెచ్చినవాటిలో మూడున్నర కూడా లేదు. మిగిలిన దెబ్బ ఇనుములోకి, ఇనుములోంచి సీట్లోకి, సీట్లోంచి మనిషి వెన్నులోకి పోతుంది. ఇక బరువు. ఒక్కో చక్రం నాలుగైదు కేజీలు ఎక్కువ. తిరగలి రాయి బరువైతే విసిరే చెయ్యి నొస్తుంది. సిగ్నలు దగ్గర ఆగి కదిలిన ప్రతిసారీ ఆ బరువును తిప్పడానికే మోటారు, బ్యాటరీ అలసిపోతాయి, మిగతాది పెట్రోలు చేయాలి. వెడల్పు టైరు రోడ్డును పట్టుకుని లాగేది వేరే.

ఇంకో వింత. రిమ్ము పెద్దదైంది గాని, టైరు పలచనై మొత్తం చక్రం ఎత్తు అంగుళానికి పైగా తగ్గింది. కాబట్టి అది ఎక్కువసార్లు తిరుగుతుంది. వంద కిలోమీటర్లు పోతే మీటరు నూట ఐదు చూపిస్తుంది. మొన్నామధ్య మీ తమ్ముడు ఫోను చేసి, "మైలేజీ పెద్దగా తగ్గలా బావా, పదైదు వస్తాంది" అన్నాడు. అంతకుముందు పద్దెనిమిది వచ్చేది. ఆ పదిహేను కూడా మీటరు చెప్పే అబద్ధమే, నిజానికి పద్నాలుగు. రోడ్డు పక్క రాళ్లు లెక్కపెట్టుకుంటూ పోతే ఎవడికైనా తెలుస్తుంది. నేను చెప్పలేదు. ఫోను పెట్టేసి చిన్నబ్బకు చెప్పుకుని నవ్వాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్నకు వస్తాను. ఉత్తరం ఇంతసేపు సాగదీసింది దీన్ని తప్పించుకోవడానికే.

మొదటి నాలుగు వారాలు వేలూరు పోయి వచ్చినా సుఖంగా ఉండేదనీ, గడిచిన మూడు శుక్రవారాలుగా గుడిపాల దాటేలోపే నడుం పట్టేస్తోందనీ, ఎడమకాలు మడమ దాకా జివ్వుమంటోందనీ రాశావు. డాక్టరమ్మ "ఏం మారింది?" అని అడిగితే, "ఏమీ మారలేదు, అదే కారు, అదే రోడ్డు, నడిపేది అదే నా తమ్ముడు" అన్నావు. ఈ శుక్రవారం కూడా ఇలాగే ఉంటే మళ్లీ స్కానింగు తీసి, మళ్లీ కోయాల్సి రావచ్చని ఆమె అన్నదని రాశావు. "నాకు భయంగా ఉందండీ, ఇంటికొచ్చేస్తానో లేదో" అని చివర్లో చిన్నగా రాశావు. దాన్ని చదివాక నేను కొట్టు తెరవలేదు.

మారింది చక్రాలు, భారతీ. జూన్ ఇరవై నాలుగున మారాయి. నువ్వు పడుకుని పోయే మనిషివి, చక్రాలు నీకెందుకు కనిపిస్తాయి? కనిపించినా మెరుస్తున్నాయని అనుకుని ఉంటావు. ఆ మర్నాడు నేను నీకు ఫోన్లో, "వద్దని ఎంత చెప్పినా మీ తమ్ముడు వినలేదు, ఏవో పిచ్చి సోకులు చేయించుకున్నాడు" అన్నాను. అది అబద్ధం. నేను వద్దని చెప్పలేదు. వాటిని బిగించింది నేనే.

ఆ రోజు కొట్టు ముందర కారు ఆపాడు. తమ బండ్ల టైర్ల పని కోసం నిలబడి ఉన్నవాళ్లు ఆరుగురు ఉన్నారు. అందరూ వినేట్టు, "బావా, నువ్వింకా లారీ ట్యూబులకు అతుకులేసే కాలంలోనే ఉండావు. ఇవి సూడు. పదిహేడంగుళాలు. ఈ జిల్లాలో ఎవురికీ లేవు" అన్నాడు. వాళ్లలో ఒకడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. సరే, బిగించుకో నాయనా, పెట్రోలు బంకు దగ్గర నీకే తెలిసొస్తుంది అనుకున్నాను. జాకీ పెట్టమని చిన్నబ్బకు చెప్పాను. "ఆ పాత ఇనుం ఎవురికన్నా ఇచ్చేయి బావా" అని కంపెనీ చక్రాలను నా కొట్టులోనే వదిలేశాడు.

ఇంతవరకే అయితే నేను నిన్ను క్షమించమని అడిగేవాణ్ణి కాదు. ఎవడి తెలివితక్కువకు వాడు అనుభవిస్తాడని ఊరుకునేవాణ్ణి. కానీ మూడో చక్రం బిగిస్తుండగా వాడు నా పక్కన గొంతుక్కూచున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"బావా, శుక్రవారం శుక్రవారం అక్కను వేలూరికి తీసకపోవల్ల గదా. వీటితో అక్క నడుముకేమన్నా అవుతాదా? అయ్యేట్టుంటే ఇప్పుడే తీసేయి. అక్క బాగయినాంక ఏసుకుంటా."

చిన్నబ్బ చేతిలో స్పానరు ఆగిపోయింది. నా మొహం చూశాడు.

నేను చక్రం వైపు చూస్తూ, "ఏం కాదు పోరా. పెద్ద చక్రం గదా, గుంతల మింద తేలిపోతాది" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నీ నడుం నాకు గుర్తు రాలేదని రాసుకోవచ్చు. అదీ అబద్ధమే అవుతుంది. వాడు నీ పేరే ఎత్తాడు కదా. ఒక్క క్షణం గుర్తొచ్చావు. నా ముందు వాడు చిన్నబోవాలన్న కోరిక దాన్ని తోసేసింది. వాడికి టైర్ల సంగతి తెలియదు, నీ నడుం సంగతి తెలుసు, అందుకే అడిగాడు. నాకు రెండూ తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఎవరిని చూసి ఏమీ తెలియనివాడని నవ్వుకున్నానో, ఆ రోజు అడగాల్సిన ప్రశ్న వాడే అడిగాడు. ఇరుగుపొరుగును, మెస్సువాళ్లను, కమ్మీ పెట్టినవాణ్ణి ఎంచుతూ బతికే ఈ పెద్దమనిషి కట్టుకున్నదాని వెన్నుకు ఆ జవాబు చెప్పాడు. చిన్నబ్బ ఆ రోజు నుంచి పని మాటలు, నువ్వెప్పుడొస్తావన్న ఆ ఒక్క ప్రశ్న తప్ప నాతో మాట్లాడటం లేదు. మూడు శుక్రవారాలు నువ్వు నొప్పి ఓర్చుకున్నావు, నేను ఫోన్లో "అలవాటవుతుందిలే" అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా చెయ్యాల్సింది చెబుతాను. ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు చిత్తూరు లోడుతో పోయే చెంగయ్య లారీలో ఇచ్చి పంపుతున్నాను, నీ చేతికే ఇమ్మన్నాను. నేను వచ్చేదాకా నువ్వు ఆ కారెక్కొద్దు. డాక్టరమ్మకు చక్రాలు మారాయని చెప్పు. తను అడిగింది ఆ మాటే. దానివల్లనే అని నేను ఒట్టు వేయలేను, నేను డాక్టర్ని కాదు. కానీ ఆమె ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు అది తెలిసి ఉండాలి. నా మీద అసహ్యం కలిగితే కలగనీ, దాచకుండా చెప్పు.

కంపెనీ చక్రాలు నాలుగూ మెట్ల కింద గోనెపట్టా కప్పి ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకు దాచానో నాకూ తెలియదు, తప్పు చేసినవాడు దొంగసొత్తు దాచుకున్నట్టే దాచి ఉంటాను. గురువారం పొద్దున్నే వాటిని లగేజీ ఆటోలో వేసుకుని చిన్నబ్బతో కలిసి వస్తాను. బాలచంద్రకు, నీ మరదలు లోకేశ్వరికి, అక్కడ ఎవరుంటే వాళ్లకు ఈ ఉత్తరంలో రాసిందంతా నోటితో చెబుతాను. వాడు నన్ను ఏమన్నా అననీ. ఆరుగురి ముందర అన్నా, అరవైమంది ముందర అన్నా సరే, నువ్వు అడ్డం రావద్దు.

చక్రాలు మాత్రం వచ్చీరాగానే విప్పను. ముందు నువ్వు పడుకున్న ఆ వెనకసీట్లో, నువ్వు తల పెట్టిన వైపే తల పెట్టి, అవే పదిహేడంగుళాల మీద నేను వేలూరు దాకా పోయి రావాలి. నడపమని మీ తమ్ముణ్ణి నేనే అడుగుతాను. గుంతలు తప్పించవద్దని కూడా అడుగుతాను. తిరిగి వచ్చి, లేచి నిలబడగలిగితే, నా చేత్తో పాతవి బిగిస్తాను. శుక్రవారం నువ్వు వాటి మీద పోదువుగానీ.

ఇట్లు,
నీ భర్త, బాలచంద్ర బావ,
మునిరామయ్య.