అమ్మ ముఖం రాసి పంపు

సెప్టెంబరు 14,
ఆదివారం మధ్యాహ్నం

పూజ్యులైన అన్నయ్యకు,

చెల్లెలు తలవంచి, వినయంగా రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఈ మూడు వాక్యాలు రాయడానికి నాకు ఉదయమంతా పట్టింది. ‘పూజ్యులైన’ అని మొదలుపెట్టి వెంటనే ‘నువ్వు’ అంటే ఏం బాగుంటుందని మా ఆయన పక్కనుంచి ఎగతాళి చేశారు. చిన్నప్పుడు సెలవులకు పిన్ని వాళ్లింటికి వెళ్తే అక్కడి నుంచి నీకు రాసిన ఉత్తరాలన్నీ ఇలాగే ఉండేవి, అలా రాయాలని నేర్పింది కూడా నువ్వే అని చెప్పాను. ఆయన టీ పెట్టడానికి వెళ్లారు.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. చేస్తే నువ్వు ఆఁ అంటావు, ఊఁ అంటావు, తర్వాత వదినకిస్తున్నా అంటావు. ఉత్తరానికైతే ఊఁ కొట్టలేవుగా. చదివితే మొత్తం చదవాలి, లేదా చింపేయాలి. చింపకు. ఇందులో నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

ముందు మామూలు కబుర్లు. నేను ఇంకా ఆ కళ్లద్దాల దుకాణంలోనే ఉన్నాను. అద్దం అంచులు అరగదీసే మిషను కొత్తది కొన్నారు. శబ్దం తక్కువ, దాని పొగరు మాత్రం ఎక్కువ. కొంచెం దుమ్ము పడితే చాలు, అలిగి ఆగిపోతుంది. మొన్న ఒక పెద్దాయన దుకాణంలో ఉన్న ఫ్రేములన్నీ పెట్టి చూసుకుని, చివరికి పాతదే బాగుందని మెడలో వేలాడదీసుకుని వెళ్లిపోయాడు. నీ మేనకోడలు మనస్తత్వశాస్త్రం చదువు ఆఖరి ఏడాదికి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా కోప్పడితే ఊరుకోదు. ఎందుకు కోపం వచ్చింది, ఒంట్లో ఎక్కడ మొదలైంది అని అడుగుతుంది. దాంతో కోప్పడటమే మానేశాం.

నీకు చెప్పాల్సిన సంగతి దాని వల్లే తెలిసింది.

వాళ్ల ల్యాబులో ఏదో పరిశోధన జరుగుతోంది. మనుషులు కావాలంటే ముందు ఇంట్లో వాళ్లనే పట్టుకుంటారు కదా. ఒక ఆదివారం మేం భోజనం చేస్తుంటే అడిగింది. కళ్లు మూసుకుని మీకు బాగా కావలసిన మనిషిని ఒకరిని తలుచుకోండి, ఆ ముఖం ఎంత స్పష్టంగా కనిపిస్తోందో ఒకటి నుంచి అయిదు దాకా చెప్పండి అంది. మా ఆయన వెంటనే అయిదు అన్నారు. వాళ్ల నాన్నగారు కనిపిస్తున్నారట, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలతో సహా. పైగా చొక్కా పై గుండీ ఊడి ఉందని కూడా చెప్పారు.

నేను నవ్వాను. కనిపించడమేమిటి, గుర్తుండటం కదా అన్నాను. నా కూతురు చెంచా కింద పెట్టింది.

“అమ్మా, నీకు నిజంగానే ఏమీ కనిపించదా?”

“కళ్లు మూస్తే ఎవరికైనా ఏం కనిపిస్తుంది? చీకటి.”

ఇద్దరూ నన్ను ఎలా చూశారంటే, నాకు తోక మొలిచిందేమోనని నేనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

అన్నయ్యా, ఇన్నేళ్లూ నేనేం అనుకున్నానో తెలుసా? కళ్లకు కట్టినట్టు చెప్పాడు అంటారు, కళ్ల ముందే మెదులుతోంది అంటారు, నిన్నటి మాటలా కనిపిస్తోంది అంటారు. ఇవన్నీ మాట వరసకు అంటారనుకున్నాను. గుండె జారిపోయింది అంటే నిజంగా గుండె జారదు కదా. ఇదీ అలాంటిదే అనుకున్నాను. జనం నిజంగానే కళ్లు మూసుకుని చూస్తారని, వాళ్ల లోపల ముఖాలు, ఇళ్లు, వీధులు ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరు మాత్రం పనిగట్టుకుని చెబుతారు?

అమ్మకు బస్సులో సాయంత్రం డ్యూటీ పడినప్పుడు మనమిద్దరం చాప మీద పడుకుని ఒక ఆట ఆడేవాళ్లం, గుర్తుందా? కళ్లు మూసుకుని ఏం కనిపిస్తోందో చెప్పాలి. నీకు తెరచాప వేసిన పడవ కనిపించేది, దాని మీద తాడు చుట్టలు, తాడు మీద కూర్చున్న పిట్ట. నా వంతు రాగానే ఏనుగు కనిపిస్తోంది అనేదాన్ని. ఏ రంగు ఏనుగు అని నువ్వడిగితే ఏనుగు రంగే అనేదాన్ని. ఎప్పుడూ అదే ఏనుగేమిటని నువ్వు విసుక్కునేవాడివి. నాకు ఏనుగూ లేదు, పడవా లేదు. కథలు అల్లడమే ఆట అనుకున్నాను.

వడ్రంగం మొదలుపెట్టాక నువ్వు చెక్క మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని నిలబడేవాడివి. ఆఁ, కనిపించింది అనేవాడివి. తర్వాత కొలత కూడా సరిగ్గా తీయకుండానే కోసేవాడివి, అయినా బీరువా తలుపు వెంట్రుకంత సందు లేకుండా పడేది. అన్నయ్య గొప్పలకు పోతున్నాడని లోపల అనుకునేదాన్ని. నీకు నిజంగానే కనిపించేదన్నమాట.

మా ఆయనా నేనూ ల్యాబుకు వెళ్లాం. అక్కడ పరిశోధన చేసే మేడమ్ నాకన్నా చాలా చిన్నది, మాట మెత్తన. కిటికీ లేని గది, బూడిదరంగు గోడలు. దుకాణంలో కళ్లు పరీక్షిస్తూ రోజూ నేను జనానికి చెప్పే మాటలే ఆవిడ నాకు చెప్పింది. గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు ఈ పట్టీకి తగలాలి, రెప్ప వేయొచ్చు, తల కదపకండి. మిషనుకు అవతలి వైపు కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

వెలుగు పడితే కంటిపాప చిన్నదవుతుందని మా దుకాణంలో అందరికీ తెలుసు. నాకు తెలియనిది ఇంకొకటుంది. చాలామందికి వెలుగును ఊరికే ఊహించుకున్నా కంటిపాప కాస్త చిన్నదవుతుందట. తెర మీద తెల్లటి బొమ్మ చూపించారు. తర్వాత దాన్ని తీసేసి మనసులో చూడమన్నారు. మా ఆయన కంటిపాప చెప్పినట్టు విని చిన్నదైంది. నాది నిజం వెలుగుకు చక్కగా పని చేసింది, ఊహించుకోమన్నప్పుడు మాత్రం కదల్లేదు. నేను ఎంత ప్రయత్నించానో నాకు తెలుసు. వాన కోసం ఆకాశం వైపు చూసినట్టు చూశాను. రాలేదు.

ఆ తర్వాత వేళ్లకు వైర్లు తగిలించారు. మనసు కదిలితే అరచేతుల్లో సన్నగా చెమట పడుతుంది, అది తెర మీద గీతగా వస్తుంది. చెవుల్లో ఒక కథ వినిపించారు. ఎవరో లోతు నీళ్లలో పడిపోయి ఊపిరాడక కొట్టుకుంటుంటారు. మా ఆయన గీత ఎగిరెగిరి పడింది. నాది సమంగా, ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది.

అప్పుడు భయం వేసింది అన్నయ్యా. అమ్మ చనిపోయిన వారంలో నువ్వన్న మాట నిజమేనేమో అనిపించింది.

ఆ రోజు నీకూ గుర్తుండే ఉంటుంది. ఇల్లంతా బంధువులు. నువ్వు వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నావు, పళ్లెం ముట్టుకోలేదు. నేను వచ్చి పక్కన నిలబడితే అన్నావు.

“కళ్లు మూస్తే చాలు, అమ్మే. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడుతోంది. నీకూ అంతేనా?”

“నాకేం కనిపించడం లేదన్నయ్యా.”

నేను ఉన్నదే చెప్పాను. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, అమ్మా ఒక్కసారి రా అని ఎన్నిసార్లు పిలిచానో నీకు తెలియదు. మిగతావాళ్లంతా కనిపిస్తోంది, కనిపిస్తోంది అంటుంటే ఒకళ్లనొకళ్లు ఓదార్చుకోవడానికి అలా అంటున్నారనుకున్నాను. నీ దగ్గర మాత్రం అబద్ధం ఆడబుద్ధి కాలేదు. నువ్వు తలెత్తి నన్ను చూశావు. బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూశావు.

“అప్పుడే తుడిచేసుకున్నావన్నమాట,” అన్నావు.

మర్నాడు అమ్మ కండక్టరు చొక్కాలు మడతపెట్టి డిపోలో ఆవిడ స్నేహితులకిస్తుంటే చూసి, వదినను పిలిచి పెట్టె సర్దమన్నావు. నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఆ చొక్కా చూస్తే నీకు అందులో అమ్మ కనిపించేది. నాకు ఖాళీ చొక్కా కనిపించేది. చూడలేక ఇచ్చేశాను.

ల్యాబు మాట మధ్యలో ఆపాను. మీకు బాగా కావలసినవాళ్ల ఫోటో ఒకటి తెమ్మని ముందే చెప్పారు. డిపో గేటు దగ్గర అమ్మ టికెట్ల బ్యాగుతో నిలబడ్డది తీసుకెళ్లాను. చివర్లో దాన్ని తెర మీద పెట్టారు. అంత పెద్దగా అమ్మను చూసి ఎన్నాళ్లయిందో. నా గీత ఎక్కడికో లేచిపోయింది. నేను ఏడుస్తున్నానని నాకన్నా ముందు ఆ మిషనుకే తెలిసింది. మేడమ్ వచ్చి వైర్లు తీసేసి, నీళ్లిచ్చి, పక్కన కూర్చుంది.

“మీకు ప్రేమ తక్కువ కాదండీ. లోపల బొమ్మ రాదు, అంతే. బొమ్మ ఎదురుగా ఉంటే ఎలా లేచిందో చూశారుగా.”

ఇది జబ్బు కాదట, దీనికి మందూ లేదట. వందలో ఏ కొద్దిమందికో ఇలా ఉంటుందట. చాలామందికి ఆ సంగతే తెలియకుండా బతుకు గడిచిపోతుందట. వీళ్లు దీన్ని పట్టించుకోవడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదని, ఇంకా తెలియనిదే ఎక్కువని కూడా ఆవిడే చెప్పింది. కొన్ని కుటుంబాల్లో ఒకరికన్నా ఎక్కువమందికి ఉంటుందట. అమ్మకూ ఇలాగే ఉండేదేమో. అడుగుదామంటే అమ్మ లేదు. కలలు వస్తాయా అని అడిగింది. వస్తాయి. అమ్మ కూడా వచ్చింది. లేచాక వచ్చిందని తెలుసు, ఎలా ఉందో తెలియదు.

ఇదంతా చదివి నన్ను చూసి జాలిపడకు. నాకు రోజులు మామూలుగానే గడుస్తున్నాయి. ఒక్కటే కోరిక.

అమ్మ ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి. చూసినంతసేపూ ఉంటుంది, తెర ఆరిపోగానే పోతుంది. పైగా ఫోటోల్లో అమ్మ ఎప్పుడూ ఎవరో కదలొద్దన్నట్టే నిలబడుతుంది. నాకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. ముందు పన్ను ఒకటి కొంచెం వంకర. బ్యాగు పట్టీ ఒరిసి భుజం మీద నల్లబడ్డ చార. ఇవి తెలుసు, అంతే. ఒక ఇంటి అడ్రసు కంఠతా వచ్చి, ఆ ఇల్లు ఎప్పుడూ చూడనట్టు.

నీ దగ్గర అమ్మ ఉంది. నాకు కొంచెం రాసి పంపు. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూ మనల్ని చూసేటప్పుడు ముఖం ఎలా ఉండేది? మనం కొట్టుకుంటుంటే విడదీయడానికి వస్తూ నవ్వు ఆపుకునేదని నువ్వనేవాడివి. అది పెదవుల్లో తెలిసేదా, కళ్లలోనా? చిల్లర ఇవ్వనని మొండికేసిన మనిషి ముందు నిలబడితే రెండు కనుబొమ్మలూ లేచేవా, ఒక్కటేనా? ఆఖరి రోజుల్లో మంచం మీద నిద్రపోతున్నప్పుడు నోరు కొంచెం తెరుచుకుని ఉండేదా? నేను రోజంతా పక్కనే కూర్చున్నాను కానీ నాకేమీ మిగల్లేదు.

పెద్ద భాష అక్కర్లేదు. బీరువా గురించి చెప్పినట్టే చెప్పు. నాకు బొమ్మలు నిలవవు, మాటలు నిలుస్తాయి. నువ్వు రాస్తే అవి నా దగ్గర ఉంటాయి.

వదినను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. నడుం నొప్పి అని వదిన చెప్పింది, బరువులు ఎత్తకు. ఎత్తొద్దన్నా ఎత్తుతావు, అయినా చెబుతున్నాను.

ఇంకా అలా పిలుస్తావనే ఆశతో,
నీ చెల్లెలు
పుల్ల
(ఇప్పుడు పుల్లలా లేననుకో)

తా.క. కవరు అతికించి మళ్లీ విప్పాను. ఒక నిజం రాయకుండా పంపడం నా వల్ల కావడం లేదు.

అమ్మ ముఖం కావాలన్నది అబద్ధం కాదు. కానీ ఈ ఉత్తరం అందుకు మొదలుపెట్టలేదు. ల్యాబు నుంచి వచ్చాక ఒక రోజు దుకాణానికి సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా మీ ఊరి బస్సెక్కాను. నీ షెడ్డుకు ఎదురుగా మందుల దుకాణం ఉంది కదా, దాని నీడలో నిలబడ్డాను. నువ్వు ఒక తలుపుకు చిత్రిక పడుతున్నావు. ముందు జుట్టంతా తెల్లబడింది. కళ్లద్దాలు వచ్చాయని వదిన చెప్పనే లేదు. అవి ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి, ఎవరు బిగించారో కానీ. చెమట తుడుచుకోవడానికి తలెత్తి నావైపే చూశావు. ఎండ కంట్లో పడిందేమో, నన్ను పోల్చుకోలేదు. రోడ్డు దాటలేకపోయాను. నీకేమీ కనిపించదుగా, ఎందుకొచ్చావు అంటావేమోనని.

అక్కడే నిలబడి కళ్లారా చూశాను. నుదురు, ముక్కు, చెంప మీద అంటుకున్న చెక్కపొడి, అన్నీ మాటల్లో చెప్పుకుంటూ బట్టీ పట్టాను. బస్సెక్కి కూర్చున్నాను. మలుపు తిరగగానే కళ్లు మూసుకున్నాను.

నువ్వు లేవు అన్నయ్యా.

అమ్మ ముఖం రాసి పంపు. నీది మాత్రం రాయకు. తీసుకురా.