అవ్వ ఎదురు

బాపూ,

నా గుండె గూడ నీ లెక్కనే పెద్దగై బలం తగ్గింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తది. ఇగ మందులు చాలవని కరీంనగర్ డాక్టర్ చెప్పిండు. తమ్ముడు దుబాయిల తను పనిచేసే కాడ పెద్ద దవాఖానల మాట్లాడిండు. గుండెకు మిషిని వెడుతరట. మత్తులకెల్లి మళ్ల లేస్తనో లేనో అని ఒకటే భయం. గిప్పుడు ఎయిర్‌పోర్టుల కూసోని రాస్తున్న. మా ఆయన పాస్‌పోర్టులు పట్టుకొని లైన్ల నిలవడ్డడు.

నువ్వు పోయినకాంచి, ఇంట్ల ఎవలు బయలెల్లినా అవ్వ వంటింట్లనే ఉంటది. మొగడు లేనిదాన్ని, ఎదురు రావద్దంటది. గా మాట మీద ఆమెతోని ఎన్నిసార్లు కొట్లాడిన్నో!

ఇయ్యాల పొద్దుగాల హుజూరాబాద్‌ల మన వాకిట్లకు కారొచ్చింది. అవ్వ నీళ్ల చెంబు పట్టుకొని తలుపు కాడ నిలవడ్డది.

"బిడ్డా, నేను ఎదురు రావాల్నా, పక్కింటి లచ్చవ్వను పిలువాల్నా?"

నువ్వే రా అవ్వా అందామనుకున్న. నోరు రాలే బాపూ. అవ్వ నా మొఖం జూసి, చెంబు కింద వెట్టింది.

"ఫికర్ జెయ్యకు, మంచిగ పోయిరా" అని లోపలికి పోయింది.

లచ్చవ్వ ఎదురొచ్చింది. నేను కారెక్కిన.

సగం తొవ్వల యాదికొచ్చింది. నిన్ను ఆఖరిసారి పట్నం దవాఖానకు తోల్కపోయిననాడు, నొసట నిండు బొట్టుతోని, గదే చెంబుతోని అవ్వనే నీకెదురొచ్చింది.

పోయొస్త అన్నవ్ నువ్వు.