నాలుగింటికి ఇల్లు చూడ్డానికి వస్తుంది

ఏవండీ,

మన మీద కేసుల్లేవనే పోలీసు కాగితం కోసం మళ్లీ వెళ్తున్నాను. డాక్టరు కాగితం వచ్చేలోపే మొదట తెచ్చినదాని గడువు దాటిపోయిందట. ఇది తెచ్చేసరికి అది పాతబడుతుందేమోనని నా భయం.

దత్తత ఆఫీసు ఆవిడ నాలుగింటికి ఇల్లు చూడ్డానికి వస్తుంది. ఆవిడ సరేనంటేనే మన ఫైలు బిడ్డనిచ్చే దేశానికి వెళ్తుంది. ఏ బిడ్డో ఆ తర్వాతే చెప్తారట. ఆపైన అక్కడి కోర్టు, వీసా. మధ్యలో ఇంకేదో ఉందన్నారు, నా బుర్రకెక్కలేదు.

బాల్కనీ తలుపు గొళ్లెం పెట్టండి. మందుల డబ్బా బీరువా మీదికెక్కించండి. చిన్న మంచం సంగతే తేలడం లేదు. కనబడితే తొందరపడ్డారంటుందేమో, కనబడకపోతే బిడ్డనెక్కడ పడుకోబెడతారంటుందేమో. సగానికి దుప్పటి కప్పాను.

ఆవిడ ముందు హాస్యాలాడకండి. మొన్న "మా ఆవిడ నన్నే పెంచుతోంది, ఇంకొకరు ఓ లెక్కా" అన్నారు. ఆవిడ నవ్వకుండా రాసుకుంది. అప్పట్నుంచి నా ప్రాణం ప్రాణంలో లేదు.

అన్నట్టు, బిడ్డ మిమ్మల్ని అమ్మా నాన్నా అనకపోతే ఏం చేస్తారని ఫారంలో అడిగారు. "పిలిచేదాకా ఉంటాం" అని పెన్సిలుతో రాశాను. తప్పో ఒప్పో తెలియదు. మీ మాటా అదే అయితే దాని మీద పెన్నుతో దిద్దండి.