పెద్ద అక్షరాల పుస్తకం

కోవిల్‌పట్టి,
23 నవంబరు 2025, ఆదివారం.
తెల్లవారినప్పటినుంచి తుంపర. పడమటి గోడ పక్క కాలువ తవ్వి నీళ్ళు వీధిలోకి మళ్ళించాను.

చిరంజీవి దేవిప్రియకు అప్పాసామి ఆశీర్వదించి రాసేది. ఇక్కడ ఇంటిల్లిపాదీ కుశలం. విరుదునగరంలో నువ్వూ మీ అమ్మగారూ సుఖంగా ఉన్నారనీ, నీ పుస్తకాల అంగడి పిల్లల సందడితో నిండుగా ఉందనీ తలుస్తాను.

పైన వాన సంగతి, కాలువ సంగతి ఎందుకా అనుకోవద్దు తల్లీ. వేరుశనగ మిఠాయి కంపెనీలో రోజూ లెక్క రాసే చేయి ఇది. తేదీ, వాన, చేసిన పని వేయకుండా కాగితం మొదలుపెట్టడం దీనికి తెలియదు. జాబులు రాసే అలవాటు లేదు. నోటితో చెప్పడం అసలే రాదు. అందుకే నీకు ఎప్పుడో చెప్పవలసిన మాట ఇన్నాళ్ళు ఆగిపోయింది.

జూన్‌లో నువ్వు బస్సులో వేసి పంపిన పుస్తకాల కట్ట ఆ వారమే చేరింది. చిన్న మనవడు మూక్కన్ తన పుస్తకాన్ని ముందు కొరికి చూశాడు. తర్వాత గంజిలో ముంచాడు. మా ఇంటావిడ తాయమ్మాళ్ దాన్ని కడిగి, బట్టలతోపాటు తీగ మీద ఆరేసింది. ఇంకా గట్టిగానే ఉంది. అట్ట వంచి చూపించి, ఇది నోట్లో పెట్టుకునే వయసుకే చేసింది పెదనాయనా, కరిచినా ఏమీ కాదు అని నువ్వు అన్నప్పుడు హాస్యానికి అన్నావనుకున్నాను. ఇప్పుడు వాడు అందులో ఆవును చూస్తే అంబా అంటాడు, కోడిని చూసినా అంబా అంటాడు. పోనీలే.

నడిపివాడు పేచ్చిముత్తుకు నువ్వు ఏరిన పుస్తకం వల్ల ఇంట్లో పసుపు డబ్బా ఖాళీ అయింది. రంగునీళ్ళలో కాగితం ముక్క నిలబెడితే నీళ్ళు పైకి ఎక్కుతాయని అందులో ఉందట. కాగితం కోసం గోడ మీది నెల క్యాలెండరు చించి, తలకిందులుగా నీళ్ళలో నిలబెట్టాడు. తాయమ్మాళ్ చీపురు పట్టుకుని వస్తే, "ఉండవ్వా, నీళ్ళు మంగళారం దాకా ఎక్కినాయి, బుదారం ఎక్కినాక కొట్టు" అన్నాడు. ఆమె కూడా నిలబడి చూసింది. బుధవారం ఎక్కేసరికి కొట్టే సంగతి మరిచిపోయింది.

జూన్‌లో పప్పు బేరానికి విరుదునగరం వచ్చినప్పుడు నీ అంగడి బోర్డు మీద తమిళం కింద తెలుగు కనబడింది. ఈ పక్క మాలాగా తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్ని ఉన్నా తెలుగు రాసిన బోర్డు నేను చూడలేదు. అందుకే లోపలికి వచ్చాను. నా తెలుగు అక్షరాలు బడిలో వచ్చినవి కావు. చిన్న వయసులో అగ్గిపెట్టెల లారీలో క్లీనరుగా ఆంధ్రకు పోతూ, దారిలో అంగళ్ళ బోర్డులు చూసి, ఇదేమి అదేమి అని అడిగి నేర్చుకున్నవి.

మనవళ్ళకు, మనవరాలికి పుస్తకాలు కావాలన్నాను. మూడు, ఏడు, పన్నెండు అని వయసులు చెప్పాను. వయసు సరే పెదనాయనా, వాళ్ళకు ఏమి ఇష్టం అని అడిగావు. నాకు ఆ ప్రశ్న వింతగా తోచింది. మా కంపెనీలో వేరుశనగ పప్పును జల్లెళ్ళలో పోస్తాం. లావు గింజ ఒక పక్కకు, సన్నది ఒక పక్కకు, పలుకులు ఇంకో పక్కకు. ఏది ఎక్కడికి పోవాలో జల్లెడే తేలుస్తుంది. గింజను అడిగేది ఉండదు. పిల్లల పుస్తకాలకూ అట్ట మీద వయసు వేసి ఉంది కదా, అదే జల్లెడ అనుకున్నాను.

మూక్కన్‌కు ఏది దొరికినా నోట్లో పెట్టుకోవడం ఇష్టమనీ, పేచ్చిముత్తుకు ఏది దొరికినా విప్పదీయడం ఇష్టమనీ చెప్పాను. నువ్వు నవ్వావు. మరి పెద్దపిల్ల అన్నావు. సంగవికి ఏమి ఇష్టమో నాకు తెలియలేదు. మంచి పిల్ల, ఎవరినీ ఏమీ అడగదు అన్నాను. అది జవాబు కాదని నీ ముఖం చూస్తే తెలిసింది. అయినా అట్ట మీద పన్నెండు అని ఉన్న లావు పుస్తకం, నక్షత్రాల గురించినది, అదే కావాలని పట్టుబట్టాను. ఇంకొంచెం తేలికది చూద్దామా అన్నావు. నేను వినలేదు.

సంగవి ఆ పుస్తకానికి అట్ట వేసింది. ఒళ్ళో పెట్టుకుని రోజూ పేజీలు తిప్పేది. నేను మురిసిపోయాను. ఒకనాడు పేచ్చిముత్తు, "అక్కకు చదివేది రాదు తాతా! బొమ్మ చూసి కత చెప్తాది. పళ్ళికూటంలో కూడా పక్కదాని నోరు చూసి చెప్తాది" అని అరిచాడు. సంగవి వాడి వీపు మీద ఒకటి వేసి, వంటింట్లో మూలకు పోయి కూర్చుని ఏడ్చింది. నేను దగ్గరికి పోతే ముఖం తిప్పుకుంది. చెవితో విన్నది విన్నట్టు అప్పజెప్పేస్తుంది గనక ఇన్నేళ్ళు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు బడిలో అందరి ముందు నిలబెట్టి చదివిస్తున్నారట. పిల్లలు నవ్వారట.

ఆ సాయంత్రం మా కోడలు పూంగొడి అగ్గిపెట్టెల కంపెనీనుంచి రాగానే, "నేను ఇంక పళ్ళికూటానికి పోనుమ్మా. ఇంట్లోనే కూచుని పెట్టెలు అంటిస్తా" అన్నది. పూంగొడి అయిదో తరగతిలో అలాగే మానేసి పెట్టెలు అంటించడానికి కూర్చున్న పిల్ల. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. అర్ధ సంవత్సరం పరీక్షల దాకా పోయి చూడు, ఆ తర్వాత నీ ఇష్టం అని నేను చెప్పాను. చెప్పానే గాని ఏం చేయాలో నాకు తోచలేదు.

మరుసటి వారం ఒంటరిగా నీ అంగడికి వచ్చాను. నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు మా పిల్లకు చదవడం రాదని చెప్పడానికి నోరు రాలేదు. నా కళ్ళు మందగించాయి, పెద్ద అక్షరాల పుస్తకం ఒకటి నాకు కావాలి అన్నాను. నువ్వు ఏమీ అడగకుండా లోపలికి పోయి ఆ మేక పుస్తకం తెచ్చావు. ఒక్కో పేజీకి ఒక్కో బొమ్మ, పైన ఒక వరుస తమిళం, కింద అదే తెలుగులో. కళ్ళు అలిసిపోతాయి, ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకోండి పెదనాయనా అన్నావు. ఆ మాటకు నేను బస్టాండు దాకా తల దించుకుని నడిచాను. సిగ్గుతో కాదు.

సంగవిని పిలిచి, కళ్ళు కనబడటం లేదు, అద్దాలూ సరిపోవడం లేదు, ఇది కాస్త చదివి పెట్టు అన్నాను. తమిళం వరుస చూడగానే ముఖం మాడ్చుకుంది. అది వద్దు, కింది వరుస చదువు అన్నాను. "అది నాకెట్లా వస్తాది? తెలుగు కదా" అంది. ఎవరికి వస్తుంది, మీ టీచరుకు రాదు, మీ అమ్మకు రాదు, ఈ వీధిలో నీకంటే ముందున్న పిల్ల ఒక్కతీ లేదు అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నా పక్కన చాప మీద కూర్చుంది.

అక్షరాలు నేను బోర్డులు చూసి నేర్చుకున్నట్టే నేర్పాను. నేను కందిపప్పులో రాళ్ళు ఏరుతూ ఉంటే అది కూడబలుక్కునేది. ఒకనాడు మేక పెళ్ళివారి అరటాకులన్నీ తినేసిన పేజీలో ఉన్నట్టుండి కేక పెట్టింది. "తాతా! తిండిపోతు అని ఉంది! అవ్వ తిట్టేది బుక్కులో ఉంది!" అంటూ పుస్తకం తీసుకుని వంటింట్లోకి పరిగెత్తింది. తాయమ్మాళ్, "నేను మా మేకను తిట్టేది ఆ బుక్కు రాసినోనికెవురు చెప్పినారు?" అని అడిగింది. పుట్టినప్పటినుంచి ఇంట్లో వింటున్న మాట అచ్చులో ఉండటం సంగవి ఆనాడే చూసింది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అందరమూ ఆనాడే చూశాం.

ఆ తర్వాత నేను చేసింది ఏమీ లేదు. కింది వరుస తెలిసింది గనక పై వరుసలో ఏముందో దానికి ముందే తెలుసు. ఒక్కో తమిళం మాటనూ పట్టుకుని అదే పైకి ఎక్కింది, పేచ్చిముత్తు కాగితంలో నీళ్ళు ఎక్కినట్టు. మూక్కన్ పుస్తకం వాడికి చదివి వినిపించింది. పేచ్చిముత్తు పుస్తకం వాడితో కొట్లాడి చదివింది. ఏ వయసు పుస్తకం ఎవరి చేతిలో ఉందో ఇప్పుడు ఇంట్లో ఎవరూ చూడటం లేదు. పోయిన వారం తరగతిలో లేచి ఒక పేజీ చదివిందట. తడబడిందట, ఆగిందట, అయినా చివరిదాకా చదివిందట. టీచరు వీధిలో కనబడి పూంగొడికి చెప్పింది. పూంగొడి ఇంటికి వచ్చి, పెట్టెలు అంటించడానికని కూతురు దాచుకున్న జిగురు డబ్బా తీసి, మూత బిగించి, అటక మీద పెట్టింది. పరీక్షల తర్వాత ఏమిటని సంగవిని నేను అడగలేదు. నిన్న అదే, జనవరిలో కొత్త నోటు పుస్తకాలు కొనాలి తాతా అంది.

తల్లీ, నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు చేతకాదు. పిల్లను చూడకుండానే ఆమెకు ఏది కావాలో ఏరావు. నన్ను నలుగురిలో అడగకుండా కాపాడావు. జూన్‌లో నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు ఉంది, రాసుకో. సంగవికి నలుగురిని నవ్వించడం ఇష్టం. మేక గొంతు ఒకటి, పెళ్ళివారి గొంతు ఒకటి పెట్టి చదువుతుంది. వీధిలో పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. ఈసారి అట్ట మీది వయసు చూడకుండా, గట్టిగా చదివితే నవ్వు వచ్చేది ఏదైనా పంపు.

ఇంకొక్క సంగతి. నా కళ్ళ గురించి ఆనాడు నీతో చెప్పింది, నువ్వు అప్పుడే కనిపెట్టావో లేదో గాని, నీకు చెప్పకుండా ఈ జాబు ముగించడం మర్యాద కాదు. అదేమిటంటే,

తా.క.

దేవిప్రియ అక్కా, నేను సంగవిని. మేక తాడు తెంచుకొని పక్కింటోళ్ళ పందిట్లో దూరింది. తాత జాబు అట్లే వదిలేసి పరిగెత్తినాడు. మొత్తం చదివినా. నేను ఏడ్చినది రాసే ముందు నన్ను ఒక మాట అడగాల్సింది.

తాత కండ్లకు ఏమీ లేదు అక్కా. ఈ జాబులో అక్షరాలు చూడండి, నువ్వుల మాదిరి ఉండాయి. కందిపప్పులో రాళ్ళు ఏరేది కూడా తాతే కదా. నేను తప్పు చదివితే పప్పులో నుంచి తల ఎత్తకనే, ఇంకొకసారి చూడు అంటాడు. కండ్లు కనపడనోళ్ళకు తప్పు ఎట్లా కనపడుతాది?

మేక పుస్తకం చదివేటప్పుడే నాకు ఈ సంగతి తెలుసు. చెప్పలేదు. చెప్తే తాత ఇంక నన్ను చదవమని అడగడేమో.

మీరు కూడా తాతకు చెప్పకండి. ఈసారి పంపే బుక్కులో అక్షరాలు బాగా చిన్నవిగా ఉండాల. తాత కనపడలేదు అనేదానికి వాటంగా ఉండాల.

ఇట్లు,
సంగవి