రాహుకాలంలో కదిలిన పడవ

చెన్నై,
3 అక్టోబరు 2025, శుక్రవారం

గౌరవనీయులైన హేమమాలిని మేడం గారికి ఆశ నమస్కరించి రాస్తున్నది.

ఈ ఉదయం వంతెన స్తంభం మీద తడి ఆల్చిప్పలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కాలువలో నీరు తీస్తోందన్నమాట. మీరు విజయవాడలో ఉన్నారు, నాకు ఫోనులో సరిగా చెప్పడం రాదు. అందుకే ఉత్తరం. మన ఆఫీసు సరుకు పడవ వంతెన దాటింది!

నీరు బాగా తగ్గితేనే పడవ పైకప్పు వంతెనకు తగలదు. నేను ఆటుపోట్ల పట్టిక చూసి వేళ నిర్ణయించాను. పంచాంగం చూడలేదు. పప్పుల బస్తాలన్నీ ఎక్కించాక తెలిసింది, పడవ వదలాల్సిన ఆ వేళ సరిగ్గా రాహుకాలమని. మీ మాట మీద సరుకిచ్చిన టోకు వ్యాపారి ధర్మలింగం గారు, నేను ఎదురుగానే ఉన్నా, గుమస్తా వైపు తిరిగి, ఆయమ్మకు చెప్పు గోపాలయ్యా, రాహుకాలంలో నా సరుకు ఈడ నుంచి కదల్దు, దించి లారీకెత్తండి అన్నారు. మధ్యలో నేనేంది సామీ, మైకా అని గోపాలయ్య గొణిగాడు.

బస్తాలు దిగిపోతే ఈ కాలువకు ఇంకో వ్యాపారి రాడు. రాహుకాలం పోయేదాకా ఆగితే నీరు పెరుగుతుంది.

కాన్వెంట్‌లో పాఠం పైకి చదవమంటేనే నా గొంతు పెగిలేది కాదు. ఇవాళ అంతమందిలో గట్టిగా అన్నాను. గోపాలయ్య గారూ, ఆయనకు చెప్పండి, ప్రస్థానం పెడదామని. మంచి గడియలో చేతిసంచీ పక్కింట్లో పెట్టొస్తే ప్రయాణం మొదలైనట్టే గదా, ఆనక మనిషి ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. రాహుకాలం రాకముందే, ఇప్పుడే పడవను పక్క రేవుకు జరిపి కడదాం, నీరు తగ్గినాక ఆడ నుంచి వదులుదాం అని.

ధర్మలింగం గారు పడవ దగ్గరికి నడిచారు. హారతికి కర్పూరం తెమ్మన్నారు.

నీరు తగ్గాక పడవ వంతెన కిందికి దూరినప్పుడు పైకప్పుకూ వంతెనకూ నడుమ జానెడు వెలుగు. ఆ వెలుగు అవతలి దాకా తెగలేదు. పడవ నడిపే మునిరాజు అటువైపు తేలి హారన్ మోగిస్తూనే ఉన్నాడు. వంతెన మీది జనం ఈలలు. ఇంక లారీవోళ్లకు నిద్ర పట్టదు పో అని గోపాలయ్య తుండు ఎగరేశాడు. ధర్మలింగం గారు వచ్చే వారం రెండు పడవల సరుకు ఇస్తారట.

ధర్మలింగం గారు గోపాలయ్యను పిలవకుండా నా దగ్గరికే వచ్చారు. తింటివా అని అడిగారు.

విధేయురాలు,
ఆశ

తా.క. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంటి వ్యాపారం కాదని ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మా నాన్న నాతో మాట్లాడటం లేదు. ధర్మలింగం గారే మా నాన్న.